జినాన్ పీల్చిన ఊపిరితిత్తులకు రేడియేషన్ డోసు లెక్కగట్టిన అనుభవం

రేడియోధార్మిక ఔషధాన్ని సూదిమందుగా ఇచ్చినప్పుడు డోసు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో సందేహం ఉండదు. సిరంజిని ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి కొలుస్తాం. ఆ తేడా అంతా రోగి ఒంట్లో ఉన్నట్టే. పీల్చే వాయువుతో ఆ సౌకర్యం లేదు. సీసాలోంచి యంత్రంలోకి వదిలిన వాయువు కొంత గొట్టాల్లోనూ సంచిలోనూ ఉంటుంది, కొంత రోగి ఊపిరితిత్తుల్లో ఉంటుంది, ప్రతి శ్వాసతోనూ అటూ ఇటూ మారుతుంటుంది, పరీక్ష ముగిసిన కొద్ది నిమిషాలకు దాదాపు అంతా బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి యంత్రంలోకి ఎంత వదిలామన్నదానికంటే, ఊపిరితిత్తుల్లో ఎంత వాయువు ఎంతసేపు నిలిచిందన్నదే డోసును నిర్ణయిస్తుంది. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే. ఒక రోగి కోసం కూర్చుని మొదటి నుంచి చివరి దాకా లెక్క కట్టినప్పుడు మాత్రం, ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు బోధపడింది.

నేను అమెరికాలోని ఒక ఆసుపత్రిలో, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేస్తున్నాను. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఊపిరితిత్తుల వెంటిలేషన్ స్కాన్‌ను ఏరోసాల్‌తో, అంటే మందు కలిపిన సన్నని తుంపరతో, చేయడమే చూశాను. జినాన్-133 వాయువుతో పని ఇక్కడికి వచ్చాకే అలవాటైంది. మా విభాగానికి ఒకసారి డెబ్బై దాటిన తెలుగు పెద్దాయన వచ్చారు. చాలా ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి, ఎంఫిసీమా (గాలిగదులు దెబ్బతిని పీల్చిన గాలి లోపలే నిలిచిపోయే జబ్బు) ఉంది. ఉన్నట్టుండి ఆయాసం పెరగడంతో ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమోనని వైద్యులు అనుమానించారు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గి ఉండటం వల్ల కాంట్రాస్ట్ మందు ఎక్కించే సీటీ స్కాన్ వద్దనుకుని, వెంటిలేషన్, పెర్ఫ్యూజన్ స్కాన్‌లు రెండూ రాశారు. మొదటిదానిలో జినాన్ పీల్పించి గాలి ఎక్కడెక్కడికి చేరుతోందో చూస్తాం. రెండోదానిలో టెక్నీషియం-99ఎం తగిలించిన అల్బుమిన్ రేణువులను సిరలోకి ఎక్కించి రక్తం ఎక్కడెక్కడికి చేరుతోందో చూస్తాం. గాలి చేరుతూ రక్తం చేరని భాగం ఉంటే గడ్డ ఉన్నట్టు అనుమానం బలపడుతుంది.

తెలుగువాణ్ణి కనుక వివరాలు చెప్పమని నన్ను పిలిచారు. ఆయన కొడుకు అప్పటికే జినాన్ గురించి చదివి ఉన్నారు. "అర్ధాయువు ఐదు రోజులని రాశారండీ. అంటే నాన్నగారు ఐదు రోజుల పాటు రేడియేషన్‌తో ఉంటారా? ఇంట్లో చంటిపాప ఉంది" అని అడిగారు. పెద్దాయన అడిగింది వేరు. "నాకు పీల్చిన గాలి తొందరగా బయటికి రాదు గదా బాబూ, ఇది కూడా లోపలే చిక్కుకుపోతే ఎట్లా?" అన్నారు. కొడుకు ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పగలిగాను. పెద్దాయన ప్రశ్న మాత్రం సరిగ్గా డోసు లెక్కలోని కీలకమైన చోటును పట్టుకుంది. ప్రామాణిక పట్టికలోని అంకె చూసి చెప్పేస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదనిపించి, ఆయన స్కాన్ నుంచే లెక్క కట్టాలని నిర్ణయించుకున్నాను.

కొడుకు ప్రశ్న సంగతి ముందు చెబుతాను. జినాన్-133 అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, 5.25 రోజులన్నది నిజమే. అయితే అది సీసాలో మూసి ఉన్న వాయువుకు వర్తించే లెక్క. జినాన్ జడవాయువు, శరీరంలో దేనితోనూ రసాయనికంగా కలవదు, రక్తంలో కొద్దిగా కరుగుతుంది, కొవ్వులో కొంత ఎక్కువగా కరుగుతుంది, మిగతాదంతా వచ్చిన దారినే వెళ్లిపోతుంది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో అది సగానికి తగ్గడానికి అర నిమిషం పడితే ఎక్కువ. శరీరం నుంచి వెళ్లే వేగం ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ఐదు రోజుల అర్ధాయువుకు డోసులో పాత్రే లేదు. పైగా జినాన్-133 క్షయమై మారేది సీజియం-133గా, అది స్థిరమైన పరమాణువు. రేడాన్ కూడా జడవాయువే అయినా, దాని నుంచి పుట్టే పొలోనియం వంటివి ఘనపదార్థాలై ఊపిరితిత్తుల గోడలకు అంటుకుని ఆల్ఫా కణాలు విడుదల చేస్తాయి కనుకనే ఇళ్లలో రేడాన్‌కు అంత భయపడతాం. జినాన్‌తో ఆ బెడద లేదు.

ఇక పట్టికలోని అంకె. ఇక్కడి న్యూక్లియర్ మెడిసిన్ సంఘం మార్గదర్శకాల్లో జినాన్-133కు పెద్దలకు ఇచ్చే మోతాదు 200 నుంచి 750 మెగాబెకరెళ్ల దాకా ఉంటుంది (మెగాబెకరెల్ అంటే సెకనుకు పది లక్షల క్షయాలు). ఒక్కో మెగాబెకరెల్‌కు ఊపిరితిత్తులకు చేరే డోసు, అంటే కిలో కణజాలంలో పడే శక్తి, 0.0011 మిల్లీగ్రే అనీ, ఒళ్లంతటికీ కలిపి ముప్పును ఒకే అంకెలో చెప్పే ఎఫెక్టివ్ డోసు 0.0008 మిల్లీసీవర్ట్ అనీ ఇస్తారు. ఆ రోజు యంత్రంలోకి వెళ్లింది సుమారు 650 మెగాబెకరెళ్లు. గుణిస్తే ఊపిరితిత్తులకు 0.7 మిల్లీగ్రే, ఎఫెక్టివ్ డోసు 0.5 మిల్లీసీవర్ట్ వస్తుంది. అయితే ఈ గుణకాల వెనుక ఒక నమూనా మనిషి ఉన్నాడు. అతని ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉంటాయి, నిర్ణీత పరిమాణం గల స్పైరోమీటర్ (గాలి నింపి పీల్పించే పాత్ర) నుంచి నిర్ణీత కాలం గాలి పీలుస్తాడు, ఆపైన మామూలు వేగంతో బయటికి వదిలేస్తాడు. రేడియోధార్మిక జినాన్‌ల డోసుపై 1980లో మిర్డ్ కమిటీ (ఒంట్లోకి ఇచ్చే రేడియోధార్మిక మందుల డోసు లెక్కలు చూసే, అదే సంఘపు కమిటీ) వెలువరించిన అంచనాలు చదివితే, స్పైరోమీటర్ పరిమాణం, పీల్చే కాలం మారినకొద్దీ డోసు ఎలా మారుతుందో స్పష్టంగా తెలుస్తుంది. మా పెద్దాయనకు ఈ ఊహల్లో చివరిదైతే ఏ మాత్రం సరిపోదు.

లెక్కకు కావలసినవి మూడు: వాయువు మొత్తం ఎంత, అందులో ఊపిరితిత్తుల్లోకి ఎంత చేరింది, అది ఏ వేగంతో వెళ్లింది.

మొదటిదానికి సీసాను ముందూ వెనకా డోసు క్యాలిబ్రేటర్‌లో, అంటే రేడియోధార్మికతను కొలిచే పరికరంలో, కొలిచాం. ఇది వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత తేలిక కాదు. జినాన్-133 విడుదల చేసే ముఖ్యమైన గామా కిరణం శక్తి 81 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, దానితోపాటు 30 పరిసరాల్లో ఎక్స్ కిరణాలు వస్తాయి. ఇంత తక్కువ శక్తి కిరణాలను సీసా గాజే కొంత అడ్డుకుంటుంది. అందువల్ల అదే రకం సీసాకు తగిన దిద్దుబాటుతోనే అంకెను నమ్మాలి. పరీక్ష అయ్యాక ఖాళీ సీసాను మళ్లీ కొలిస్తే రబ్బరు మూతలో ఇంకిపోయిన జినాన్ కొంత మిగిలి కనిపించింది. అది రోగికి చేరనిది కనుక తీసివేశాను.

రెండోదానికి కెమెరా కంటే శ్వాస పరీక్షల నివేదిక ఎక్కువ ఉపయోగపడింది. రోగి మూసిన వలయంలో గాలి పీలుస్తూ వదులుతూ ఉంటే కొంతసేపటికి జినాన్ సాంద్రత సంచిలోనూ ఊపిరితిత్తుల్లోనూ సమానమవుతుంది. మా యంత్రంలో సంచి, గొట్టాలు, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే డబ్బా అన్నీ కలిపి దాదాపు 8 లీటర్లు. శ్వాస మామూలుగా వదిలాక పెద్దాయన ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి 5 లీటర్లకు పైనే ఉంది, అంటే ఆరోగ్యవంతుడికి ఉండేదానికి దాదాపు రెట్టింపు. ఎంఫిసీమాలో ఊపిరితిత్తులు ఉబ్బిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. 650 మెగాబెకరెళ్లను 13 లీటర్లకు పంచితే లీటరుకు 50, ఊపిరితిత్తుల్లో 250 మెగాబెకరెళ్లు. గాలి నెమ్మదిగా చేరే భాగాలు ఆ కాస్త సమయంలో పూర్తిగా నిండవు కనుక ఇది గరిష్ఠ అంచనా. రోగికి చేరే డోసు తక్కువగా తేలే వైపు కంటే ఎక్కువగా తేలే వైపు తప్పడం మేలని దాన్నే ఉంచాను.

మూడోదాని కోసం పెద్దాయనను కెమెరాకు వీపు ఆనించి కూర్చోబెట్టారు. ముఖానికి మాస్క్ బిగించి, మొదటి దీర్ఘ శ్వాసతో జినాన్ వదిలి, నాలుగు నిమిషాలు వలయంలో శ్వాస తీసుకోనిచ్చి, తర్వాత గది గాలి పీల్పిస్తూ, వదిలిన గాలిని బొగ్గు ఫిల్టర్ ఉన్న ట్రాప్‌లోకి మళ్లించారు. జినాన్ దశ ముందు జరగాలి. టెక్నీషియం ముందే ఒంట్లో ఉంటే దాని చెదిరిన కిరణాలు కెమెరా జినాన్ కోసం లెక్కించే శక్తి పరిధిలో పడి లెక్కను పాడుచేస్తాయి. బొమ్మలను 15 సెకన్ల ఫ్రేములుగా తీయమని టెక్నాలజిస్టును ముందే అడిగి ఉంచాను. రోగ నిర్ధారణకు అంత చిన్న ఫ్రేములు అవసరం లేదు, కానీ వాయువు తగ్గే తీరును చూపే వంపు గీయాలంటే అవే కావాలి.

ఆ వంపు గీసిన సాయంత్రం ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆరోగ్యవంతుడి బొమ్మల్లో గది గాలి మొదలైన రెండు మూడు నిమిషాలకు ఊపిరితిత్తులు తెరమీద దాదాపు మాయమవుతాయి. ఇక్కడ కింది భాగాలు త్వరగానే వెలిసిపోయాయి గాని, రెండు వైపులా పై భాగాల్లో నల్లటి మచ్చలు మొండిగా నిలిచిపోయాయి. కెమెరా లెక్కించిన కిరణాల సంఖ్యను కాలానికి ఎదురుగా, ఒకే వేగంతో తగ్గేది సరళరేఖగా కనిపించే అర్ధ లాగరిథమ్ కాగితంపై పెడితే ఒకే సరళరేఖ రాలేదు. మొదట నిటారుగా పడి, తర్వాత పక్కకు వాలింది. రెండు ఘాతాంకాలుగా, అంటే రెండు వేర్వేరు వేగాలతో తగ్గే భాగాలుగా, విడదీస్తే సుమారు అరవై శాతం 40 సెకన్ల అర్ధకాలంతోనూ, మిగిలిన నలభై శాతం 6 నిమిషాల అర్ధకాలంతోనూ తగ్గుతున్నట్టు తేలింది. పెద్దాయన భయపడినట్టే గాలి లోపల చిక్కుకుంటోంది.

ఇక్కడ ఒక చోట జాగ్రత్త పడాల్సి వచ్చింది. కుడి వైపు అడుగున ఒక మసక మచ్చ చివరి ఫ్రేముల దాకా తగ్గనే లేదు. అది ఊపిరితిత్తి అయితే నెమ్మదైన భాగం ఇంకా పెద్దదవుతుంది, డోసూ పెరుగుతుంది. దాని ఆకారం, స్థానం చూసి, పాత సీటీ బొమ్మతో పోల్చితే అది కాలేయమని రూఢి అయింది. ఆయన కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది, రక్తంలో కరిగిన జినాన్ ఆ కొవ్వులో చేరుతోంది. జినాన్ స్కాన్‌లో కొవ్వు కాలేయం ఇలా బయటపడటం తెలిసిన విషయమే. ఆ ప్రాంతాన్ని ఊపిరితిత్తుల చుట్టూ గీసిన గీత నుంచి తప్పించి మళ్లీ లెక్కించాను.

తర్వాతిది కూడికే: ఊపిరితిత్తుల్లో ఉన్న వాయువును అది ఉన్న సెకన్లతో గుణించి కలపడం. వలయంలో ఉన్న 240 సెకన్లలో వాయువు క్రమంగా నిండుతుంది కనుక సగటున 200 మెగాబెకరెళ్లు అనుకుంటే 48,000 మెగాబెకరెల్ సెకన్లు. వదిలే దశలో వేగమైన భాగం నుంచి సుమారు 9,000. నెమ్మదైన భాగం నుంచి, అంటే 100 మెగాబెకరెళ్లు ఆరు నిమిషాల అర్ధకాలంతో తగ్గడం వల్ల, దాదాపు 52,000. మొత్తం 1,09,000. అదే పరిమాణంలో వాయువు నిండిన ఊపిరితిత్తులు మామూలు వేగంతో వదిలి ఉంటే మొత్తం 59,000 దగ్గర ఆగేది. గాలి వదలడంలో ఉన్న ఇబ్బంది ఒక్కటే డోసును దాదాపు రెట్టింపు చేసిందన్నమాట, యంత్రంలోకి వదిలిన వాయువు ఒక్క బెకరెల్ కూడా మారకుండానే.

జినాన్-133 ఒక్కో క్షయంలో ఎలక్ట్రాన్‌ల రూపంలో విడుదలయ్యే శక్తి సగటున 0.135 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఇందులో బీటా కణాల వాటా 0.1. ఇవి కణజాలంలో మిల్లీమీటరు కంటే తక్కువ దూరంలోనే ఆగిపోతాయి, కాబట్టి శక్తంతా ఊపిరితిత్తుల్లోనే పడుతుందని తీసుకోవచ్చు. గామా కిరణాల్లో ఎక్కువ భాగం ఛాతీ దాటి వచ్చేస్తుంది. కెమెరాకు బొమ్మ దొరికేది అందుకే, ఊపిరితిత్తుల డోసులో వాటి వాటా కొద్ది శాతమే కావడమూ అందుకే. రక్తంతో సహా ఊపిరితిత్తుల బరువు ఒక కిలో అనుకుంటే డోసు 2.4 మిల్లీగ్రే వచ్చింది. పట్టిక చెప్పిన 0.7కు ఇది మూడు రెట్లకు పైన. ఈ తేడాలో ఒక భాగం గాలి చిక్కుకోవడం వల్ల వచ్చింది, మరొక భాగం ఉబ్బిన ఊపిరితిత్తులు సంచిలోని వాయువులో ఎక్కువ వాటా పట్టడం వల్ల వచ్చింది, ఇంకొంత నేను గరిష్ఠ అంచనాలు తీసుకోవడం వల్ల వచ్చింది.

నివేదికలో ఏ అంకె రాయాలన్నదానిపై నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అందరూ అడిగేది ఎఫెక్టివ్ డోసు, ఎందుకంటే ఒకే అంకెతో పని అయిపోతుంది. కానీ అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ దాన్ని నమూనా వ్యక్తి కోసం, పద్ధతులను పోల్చడం కోసం రూపొందించింది. ఫలానా మనిషి ఒంట్లో ఫలానా ముప్పును కొలవడానికి కాదు. ఈ పెద్దాయన వయసు, జబ్బు, ఊపిరితిత్తుల నిర్మాణం ఏవీ ఆ నమూనాలో లేవు. అందుకే నివేదికలో ముందు వరుసలో ఊపిరితిత్తుల డోసు 2.4 మిల్లీగ్రే అనీ, అది ఏ ఊహల మీద వచ్చిందో రాశాను. తర్వాతే, పద్ధతిగా పోల్చుకోవడానికి, ఎఫెక్టివ్ డోసు సుమారు 0.7 మిల్లీసీవర్ట్, ఎలా చూసినా 1 మిల్లీసీవర్ట్ లోపు అని చేర్చాను. ఊపిరితిత్తులకు అదనంగా చేరిన 1.7 మిల్లీగ్రేను 0.12 అనే కణజాల గుణకంతో (మొత్తం ముప్పులో ఊపిరితిత్తుల వాటా) గుణించి పట్టిక అంకెకు కలిపితే ఆ 0.7 వచ్చింది.

ఈ ఫలితాన్ని తండ్రీకొడుకులకు చెప్పేటప్పుడు అమెరికాలో సహజ నేపథ్య రేడియేషన్ సగటున ఏడాదికి 3 మిల్లీసీవర్ట్‌ల చిల్లర అని, అందులో ఎక్కువ భాగం ఇళ్లలోని రేడాన్ నుంచే వస్తుందని చెప్పాను. మీరన్నట్టే గాలి చిక్కుకుందనీ, దానివల్ల ఊపిరితిత్తుల డోసు పెరిగిందనీ, పెరిగాక కూడా అది చిన్నదేననీ పెద్దాయనకు దాపరికం లేకుండా చెప్పాను. ఆరు నిమిషాలకోసారి సగమయ్యేది గంట గడిచేసరికి వెయ్యో వంతుకు దిగిపోతుంది. పాప సంగతికి వస్తే, ఆ రోజు ఇంటికి తీసుకెళ్లే రేడియేషన్ జినాన్‌ది కానే కాదు, పెర్ఫ్యూజన్ స్కాన్‌కు ఇచ్చిన టెక్నీషియంది. 150 మెగాబెకరెళ్ల టెక్నీషియం నుంచి వచ్చే ఎఫెక్టివ్ డోసు 1.6 మిల్లీసీవర్ట్‌లు, అంటే జినాన్ కంటే ఎక్కువ. దాని అర్ధాయువు 6 గంటలు. మీటరు దూరంలో గంటకు కొన్ని మైక్రోసీవర్ట్‌లకు మించదు. పాపను దూరం పెట్టనక్కర్లేదని, కావాలంటే ఆ ఒక్క సాయంత్రం గంటల తరబడి ఒళ్లో పెట్టుకోకుండా ఉంటే చాలని చెప్పాను.

ఆ రోజు మాస్క్ మీద పెద్దాయనకు దగ్గు తెర వచ్చి కొంత వాయువు గదిలోకి జారింది. టెక్నాలజిస్టు తన డోసు గురించి అడగడం న్యాయమే. దానికీ లెక్క ఉంది. జారింది కొంతే అయినా, పూర్తి సీసాలోని 740 మెగాబెకరెళ్లూ మా 90 ఘనమీటర్ల గదిలో కలిసిపోయినట్టు అనుకుంటే ఘనమీటరుకు 8.2 మెగాబెకరెళ్లు. ఇక్కడి నియంత్రణ సంస్థ సిబ్బందికి పెట్టిన సాంద్రత పరిమితి 3.7, ఏడాదిలో 2,000 గంటలు ఆ సాంద్రతలో పనిచేస్తే వార్షిక పరిమితి 50 మిల్లీసీవర్ట్‌లు చేరుతుందన్నది దాని అర్థం. ఎగ్జాస్ట్ ఫ్యాను నిమిషానికి 10 ఘనమీటర్లు లాగుతుంది కనుక పరిమితికి దిగడానికి 7 నిమిషాలు. గది ఖాళీ చేయకుండా చివరి దాకా అక్కడే నిలబడినా డోసు 8 మైక్రోసీవర్ట్‌ల దగ్గర ఆగుతుంది. జినాన్ విషయంలో ఈ పరిమితిని పెట్టింది పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు చేరేదాన్ని చూసి కాదు, చుట్టూ ఉన్న వాయువు నుంచి బయటి నుంచి ఒంటికి తగిలేదాన్ని చూసి. గది తలుపు దగ్గర పొగ వదిలే చిన్న గొట్టంతో పరీక్షించి గాలి లోపలికే లాగుతోందని ప్రతిసారీ చూసుకోవడం అందుకే ముఖ్యం.

ఈ లెక్క తర్వాత మా జినాన్ ఫారంలో మూడు కొత్త గడులు చేర్చాం: ఖాళీ సీసాలో మిగిలినది, వలయంలో గడిపిన సమయం, మూడు నిమిషాల తర్వాత ఊపిరితిత్తుల్లో వాయువు నిలిచిందా లేదా. చివరి గడిలో అవునని ఉంటే పట్టిక అంకెతో సరిపెట్టకుండా వంపు గీస్తాం.

హైదరాబాదులో ఉన్న నా సహాధ్యాయి ఈ నివేదిక చూసి, వాళ్లు వాడే డీటీపీఏ (టెక్నీషియం తగిలించిన మందు) ఏరోసాల్‌కు ఇదే పద్ధతి వాడవచ్చా అని అడిగారు. అక్కడ దారి వేరు. నెబ్యులైజర్‌లో వెయ్యి మెగాబెకరెళ్ల పరిసరాల్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి చేరేది 20 నుంచి 40 మాత్రమే. అది శ్వాసతో బయటికి రాదు, గాలిగదుల గోడ దాటి రక్తంలో కలిసి మూత్రంలోకి పోతుంది, కాబట్టి ఎక్కువ డోసు పడేది మూత్రాశయానికి. పొగతాగేవారిలో ఆ గోడ దాటే వేగం చాలా ఎక్కువ, అందువల్ల అక్కడా పట్టిక అంకె మనిషిని బట్టి మారుతుంది.

2023 సెప్టెంబరులో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించాక, ఆస్ట్రేలియాలో పుట్టిన టెక్నెగ్యాస్‌ను మా విభాగమూ పరిశీలిస్తోంది. పేరుకు గ్యాస్ గాని, నిజానికి టెక్నీషియాన్ని చుట్టుకున్న అతి సూక్ష్మమైన కార్బన్ రేణువులు. పీల్చాక ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతాయి. ఒక్కో మెగాబెకరెల్‌కు 0.015 మిల్లీసీవర్ట్ చొప్పున, 40 మెగాబెకరెళ్లకే 0.6 మిల్లీసీవర్ట్ వస్తుంది, అంటే 740 మెగాబెకరెళ్ల జినాన్‌కు వచ్చేదంత. ఎంఫిసీమా రోగుల్లో ఈ రేణువులు పెద్ద శ్వాసనాళాల మలుపుల దగ్గర గుంపుగా పేరుకుంటాయి. అప్పుడు ఒక కిలో ఊపిరితిత్తికి సగటు తీసి రాస్తే చాలదు, ఆ నాళాల గోడకు విడిగా లెక్క కట్టాలి. ఇప్పుడు నా ముందున్న పని అదే.